మూస్ జా: ఆవిరి యంత్రం దాహం తీర్చడానికి వెలసిన ఊరు

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో మూస్ జా అనే చిన్న నగరం ఉంది. అక్కడ మెయిన్ స్ట్రీట్ వెంట దక్షిణంగా నడిస్తే ఆ వీధి ఏ కూడలిలోనూ కలవదు, నేరుగా వెళ్ళి ఒక రైల్వే స్టేషన్ భవనం ముందు ముగుస్తుంది. 1920, 1922 సంవత్సరాల మధ్య కెనడియన్ పసిఫిక్ రైల్వే కట్టించిన ఆ భవనానికి ఎత్తైన గడియార స్తంభం ఉంది, వీధిలో ఎంత దూరాన నిలబడినా కంటికి ఆనుతుంది. మన ఊళ్ళలో రాజవీధి ఆలయ గోపురం దగ్గరికి చేరినట్టు అక్కడ ప్రధాన వీధి స్టేషన్ దగ్గరికి చేరుతుంది. రైలు కంపెనీ తన స్టేషన్‌ను మొదలుగా పెట్టుకుని, అక్కడి నుంచి ఉత్తరానికి గీతలు గీసి, ఆ గీతల మధ్య స్థలాలను అమ్మింది. ఊరు ఆ గీతల్లోనే పెరిగింది. అంటే ఆ వీధి నిజానికి స్టేషన్ దగ్గర ముగియడం లేదు, అక్కడ మొదలవుతోంది. ఇప్పుడు ఆ స్టేషన్‌లో టికెట్లు అమ్మరు. 1990 జనవరి తరువాత అక్కడ ప్రయాణికుల రైలు ఆగలేదు. ఆ తరువాత ఆ భవనంలో మద్యం దుకాణం నడిచింది.

2021 జనాభా లెక్కల ప్రకారం మూస్ జాలో 33,665 మంది ఉన్నారు. 1961 లెక్కల్లో ఆ సంఖ్య 33,206. అరవై ఏళ్ళలో పెరిగింది ఐదు వందల మంది కూడా కాదు. ఇదే ఊరు 1901 నుంచి 1911 వరకు, ఒక్క పదేళ్ళలో, 1,558 మంది నుంచి 13,823 మందికి పెరిగింది. అంత వేగంగా లేచిన ఊరు ఆ తరువాత ఎందుకు నిలిచిపోయిందో, నిలిచిపోయినా ఎందుకు ఖాళీ కాలేదో తెలియాలంటే అది ఆ చోటే ఎందుకు పుట్టిందో ముందు చూడాలి.

రైలు రాకముందు ఆ నేల నిర్జనంగా లేదు. మూస్ జా నది, థండర్ క్రీక్ అనే వాగు కలిసే చోట లోయ కొంత లోతుగా, గాలి తాకిడి తగ్గి, చుట్టుపక్కల మైదానం కంటే వెచ్చగా ఉంటుంది. చలికాలంలో క్రీ, అసినిబోయిన్ ఆదివాసులు అక్కడ గుడారాలు వేసుకునేవారు. మూస్ జా అన్న పేరు వినగానే దుప్పి దవడ అనే అర్థం తోస్తుంది, నదిలోని వంపు దవడ ఆకారంలో ఉంటుందన్న వివరణ కూడా ప్రచారంలో ఉంది. వెచ్చని గాలి వీచే చోటు అనే అర్థం ఉన్న క్రీ మాటే ఆంగ్లేయుల నోట అలా మారిందని మరొక వివరణ. చలికి తట్టుకోవడానికి జనం వెతుక్కునే లోయకు ఈ రెండో అర్థమే ఎక్కువ నప్పుతుంది.

1874 సెప్టెంబరులో ఫోర్ట్ కాపెల్ వద్ద కెనడా ప్రభుత్వానికి, ఆదివాసులకు మధ్య కుదిరిన నాలుగో ఒడంబడిక కిందికి ఈ ప్రాంతం వచ్చింది. ఆ ఒడంబడిక జరిగిన ఐదారేళ్ళకే కెనడా మైదానాల్లో అడవిదున్నల మందలు దాదాపుగా కనుమరుగయ్యాయి. తిండి, బట్ట, గుడారం అన్నిటికీ ఆ జంతువు మీదే ఆధారపడిన జనం ఆకలితో ప్రభుత్వ రేషన్ కోసం నిలబడవలసి వచ్చింది. 1876లో లిటిల్ బిగ్ హార్న్ యుద్ధం తరువాత అమెరికా సైన్యం నుంచి తప్పించుకుని సరిహద్దు దాటిన లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ కూడా, తన వారికి తిండి పెట్టలేక, 1881 జూలైలో తిరిగి వెళ్ళి లొంగిపోయాడు. ఆయనతో వెళ్ళకుండా ఉండిపోయిన కొన్ని లకోటా కుటుంబాలు మూస్ జా పక్కనే గుడారాల్లో బతుకుతూ, కొత్త ఊరివారికి కట్టెలు కొట్టి, కూలి పనులు చేసి దశాబ్దాలు గడిపాయి. సిట్టింగ్ బుల్ లొంగిపోయిన ఏడాది తరువాతే రైలు వచ్చింది. ప్రెయిరీ అనే ఈ గడ్డి మైదానాల ఊళ్ళ చరిత్రను 'ఖాళీ నేల మీద కొత్త ఊరు' అని మొదలుపెట్టేవారు ఈ వరుసక్రమాన్ని దాటవేస్తారు. ఆ నేల ఖాళీగా లేదు, అప్పుడే ఖాళీ చేయించారు.

రైలు అటు రావడం కూడా మొదటి ఆలోచన కాదు. ఇంజనీరు సాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ ఆధ్వర్యంలో జరిగిన సర్వేలు ఖండాంతర మార్గాన్ని బాగా ఉత్తరంగా, సారవంతమైన నేలల మీదుగా గీశాయి. దక్షిణాన ఉన్న మైదానం సేద్యానికి పనికిరానంత పొడి నేల అని 1857 నుంచి 1860 వరకు తిరిగి చూసిన జాన్ పాలిసర్ బృందం చెప్పింది. వానలు బాగా కురిసిన సంవత్సరాల్లో అదే నేలను చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మాకూన్ అక్కడ గోధుమ బ్రహ్మాండంగా పండుతుందని వాదించాడు. 1880లో కుదిరిన ఒప్పందంతో రెండున్నర కోట్ల డాలర్లు, రెండున్నర కోట్ల ఎకరాలు ప్రభుత్వం నుంచి పొందిన కెనడియన్ పసిఫిక్ కంపెనీ 1881లో మార్గాన్ని దక్షిణానికి మార్చింది. దారి కొంత దగ్గరవుతుంది, సరిహద్దు అవతలి అమెరికన్ రైళ్ళు ఆ వ్యాపారాన్ని లాక్కుపోకుండా అడ్డం పడవచ్చు, అప్పటిదాకా ఎవరూ భూములు కొని పెట్టుకోని దారిలో ఊళ్ళ స్థలాలను కంపెనీయే నిర్ణయించవచ్చు. ఈ లాభాలన్నీ కంపెనీ చూసుకుంది. మాకూన్ మాట వారికి కావలసిన సమయంలో అందింది. పాలిసర్ చెప్పినదీ అబద్ధం కాదని ఆ నేల మీద స్థిరపడిన రైతులకు యాభై ఏళ్ళ తరువాత తెలిసివచ్చింది.

మార్గం ఖరారయ్యాక ఊరు ఎక్కడ వెలయాలో తేల్చింది ఆవిరి ఇంజన్. ఇంజన్ బాయిలర్‌కు కొద్ది కొద్ది దూరాల్లో నీళ్ళు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి. సుమారు 200 కిలోమీటర్లు నడిచాక దాన్ని విప్పి, బూడిద తీసి, గ్రీజు పెట్టి, పరీక్షించి, వేరే ఇంజన్ తగిలించాలి. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు అందరూ దిగి ఇంకొక బృందం ఎక్కాలి. అందుకే విన్నిపెగ్ నుంచి పడమరగా బ్రాండన్, బ్రాడ్‌వ్యూ, మూస్ జా, స్విఫ్ట్ కరెంట్, మెడిసిన్ హ్యాట్ వరుసగా డివిజన్ కేంద్రాలు అయ్యాయి. వీటి మధ్య ఎనిమిది పది మైళ్ళకు ఒకటి చొప్పున సైడింగులు, అంటే బండ్లు ఆగే పక్క పట్టాలు, పెట్టారు. గుర్రపు బండి మీద గోధుమ తెచ్చే రైతు ఒక్క పగటిలో వచ్చి వెళ్ళగల దూరం అది. చిన్న ఊళ్ళ దూరాలను గుర్రం నడక, పెద్ద ఊళ్ళ దూరాలను ఇంజన్ ఓపిక నిర్ణయించాయి. మైదానంలో ఏ రెండు ఊళ్ళ మధ్య దూరం చూసినా ఈ లెక్క కనిపిస్తుంది.

అయితే ఆ మైదానంలో నీళ్ళు ఎక్కడ పడితే అక్కడ దొరకవు, దొరికిన చోట కూడా చాలావరకు చవుడు నీళ్ళు. చవుడు నీళ్ళు పోస్తే బాయిలర్‌లో నురగ లేస్తుంది, గొట్టాల లోపల పెచ్చు కడుతుంది, ఇంజన్ మధ్య దారిలో మొరాయిస్తుంది. నది, వాగు కలిసే మూస్ జా లోయలో వాడదగిన నీరుంది, బ్రాడ్‌వ్యూ నుంచి దూరమూ సరిపోయింది. ఈ లెక్కను కంపెనీ కంటే ముందే ఊహించినవారూ ఉన్నారు. జేమ్స్ హామిల్టన్ రాస్, హెక్టర్ సదర్లాండ్ మరికొందరితో కలిసి 1882 జనవరిలో, గడ్డకట్టే చలిలో, పట్టాలు ఇంకా చాలా దూరాన ఉండగానే అక్కడికి చేరి భూములకు గుర్తులు పెట్టుకున్నారు. కంపెనీ జనరల్ మేనేజరుగా వచ్చిన విలియం వాన్ హోర్న్ ఆ ఒక్క ఏడాదిలో 500 మైళ్ళ పట్టాలు వేయిస్తానని ప్రకటించాడు. అనుకున్నంత పూర్తికాకపోయినా 400 మైళ్ళకు పైగా ప్రధాన మార్గం పడింది, ఆ ఏడాది శరదృతువుకే మూస్ జాకు రైలు వచ్చింది. 1884లో అది పట్టణమైంది, 1903లో నగర హోదా పొందింది.

అదే 1882లో దానికి తూర్పున 70 కిలోమీటర్ల దూరంలో మరొక ఊరు మొదలైంది. నది అని చెప్పుకోదగ్గది లేని, చెట్టు నీడ లేని, అడవిదున్నల ఎముకల కుప్పల పేరుతో పిలిచే ఆ చోటును వాయవ్య ప్రాంతాల లెఫ్టినెంట్ గవర్నరు ఎడ్గర్ డ్యూడ్నీ రాజధానిగా ఎంపిక చేశాడు. దాని పక్కనే ఆయనకు సొంత భూములున్నాయన్న విమర్శ అప్పుడే గట్టిగా వినిపించింది. ఆ ఊరే రెజైనా. నీళ్ళున్న చోటికి లోకో షెడ్డు వచ్చింది, నీళ్ళు లేని చోటికి ప్రభుత్వం వచ్చింది. 1901లో రెజైనా జనాభా 2,249, మూస్ జా జనాభా 1,558, రెండూ దాదాపు ఒకే స్థాయి ఊళ్ళు. 1911 నాటికి రెజైనా 30,213కు చేరింది, మూస్ జా అందులో సగానికి కూడా రాలేదు. సస్కాచెవాన్ 1905లో రాష్ట్రమయ్యాక ఒక్కొక్క ప్రభుత్వ సంస్థ ఒక్కొక్క ఊరికి దక్కింది: శాసనసభ రెజైనాకు, విశ్వవిద్యాలయం 1909లో సస్కటూన్‌కు, జైలు ప్రిన్స్ ఆల్బర్ట్‌కు. విశ్వవిద్యాలయం కోసం మూస్ జా కూడా పోటీపడి ఓడిపోయింది. ఈ ఊరి చరిత్రలో అసలైన మలుపు ఇదేనని చెప్పవచ్చు. రైలు ఇచ్చే ఉద్యోగాలు సాంకేతికత మారితే పోతాయి, ప్రభుత్వం ఇచ్చేవి అంత తేలికగా కదలవు. ఈ తేడా 1909లో ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అప్పుడు రైలే శాశ్వతమనిపించేది.

రైలు డివిజన్ కేంద్రంలో బతుకు ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూడాలి. అక్కడ పనివేళలు సూర్యుడిని బట్టి ఉండవు, బండ్ల రాకను బట్టి ఉంటాయి. పిలుపు వస్తే రాత్రి రెండు గంటలకైనా సున్నాకు ముప్ఫై డిగ్రీల దిగువ చలిలో లేచి వెళ్ళాలి. టెలిఫోన్లు లేని రోజుల్లో ఆ పిలుపును మోసుకుపోవడానికి కాల్‌బాయ్ అనే కుర్రాడు ఉండేవాడు. వీధివీధీ తిరిగి, తలుపు తట్టి, బండి నంబరు, బయలుదేరే వేళ చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని గాని కదిలేవాడు కాదు. అందువల్ల ఏ సిబ్బందీ షెడ్డుకు దూరంగా ఇల్లు తీసుకోవడానికి వీల్లేదు. షెడ్డు చుట్టూ ఇళ్ళు, ఇళ్ళ చుట్టూ దుకాణాలు, పరాయి ఊరి నుంచి డ్యూటీ మీద వచ్చి మరునాటి బండి కోసం ఎదురుచూసే సిబ్బందికి బసలు, భోజనశాలలు ఏర్పడ్డాయి. నెలనెలా జీతం అందే కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు కాబట్టి పంట పోయిన ఏడాది కూడా అంగళ్ళు పూర్తిగా మూతపడలేదు. పంట మీదే ఆధారపడిన పక్క ఊళ్ళకు లేని ధీమా ఇది. కార్మిక సంఘాలు బలంగా వేళ్ళూనుకోవడానికీ ఇదే కారణం.

మొదటి పదేళ్ళు మాత్రం ఊరు మెల్లగానే సాగింది. 1893లో అమెరికా సరిహద్దులోని పోర్టల్ మీదుగా మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాలకు వెళ్ళే సూ లైన్ మూస్ జా వద్ద ప్రధాన మార్గంలో కలిసింది. దానితో ఈ ఊరు దారిలోని మజిలీ స్థాయి దాటి జంక్షన్ అయింది. 1896 తరువాత కెనడా అంతర్గత వ్యవహారాల మంత్రి క్లిఫర్డ్ సిఫ్టన్ వలసదారుల కోసం యూరప్‌లో, అమెరికాలో పెద్ద ఎత్తున ప్రచారం చేయించినప్పుడు, అమెరికా మధ్య పశ్చిమం నుంచి సామాన్లతో, పశువులతో వచ్చిన రైతు కుటుంబాలు ఎక్కువగా ఆ సూ లైన్ మీదే దిగాయి. పది డాలర్ల రుసుము కట్టి, మూడేళ్ళు కాపురముండి, నిర్ణీత మేరకు నేల దున్నితే 160 ఎకరాలు సొంతమయ్యే చట్టం 1872 నుంచే ఉన్నా, జనం వరదలా వచ్చింది ఇప్పుడే. సస్కాచెవాన్ ప్రాంతపు జనాభా 1901లో 91,279 ఉండగా 1911లో 4,92,432 అయింది.

ఆ గోధుమను పిండిగా మార్చే మిల్లులు జంక్షన్‌కు రావడం సహజం. అమెరికాలో పిండి వ్యాపారం చేసే ఫ్రాన్సిస్ బీన్ 1909లో మూస్ జాలోని ఒక మిల్లును కొని రాబిన్‌హుడ్ పేరుతో పిండి అమ్మడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకే మిల్లు కాలిపోతే మళ్ళీ కట్టారు. ఇప్పటికీ కెనడా వంటిళ్ళలో కనిపించే ఆ పిండి బ్రాండు ఈ ఊళ్ళోనే పుట్టింది. మాంసం ప్యాకింగ్, పశువుల సంత వచ్చాయి. 1911లో ట్రాములు తిరిగాయి. 1913లో గ్రంథాలయం కట్టుకున్నారు, దాని చుట్టూ ఉన్న క్రెసెంట్ పార్కు ఈనాటికీ ఊరి నడిబొడ్డున పచ్చగా ఉంది. లక్ష జనాభా వస్తుందన్నట్టు ఊరి చుట్టూ పొలాల్లో రాళ్ళు పాతి స్థలాలు అమ్మారు. 1913లో లండన్ నుంచి పెట్టుబడి ఆగిపోవడంతో ప్రెయిరీ ఊళ్ళన్నిటిలోనూ ఆ బుడగ ఒకేసారి పగిలింది. ఆ స్థలాల్లో చాలావాటి మీద మళ్ళీ గోధుమే విత్తారు.

ఊరు ఎదిగిన అదే సంవత్సరాల్లో దానిలో ఎవరికి ఎంత చోటు ఉందో కూడా చూడాలి. ఖండాంతర మార్గంలో పడమటి కొండల భాగాన్ని కట్టినవారిలో వేలాది మంది చైనా కార్మికులు ఉన్నారు. 1885లో ఆ పని పూర్తయిన ఏడాదే కెనడా చైనీయుల మీద 50 డాలర్ల తలపన్ను వేసింది. 1900లో దాన్ని 100కు, 1903లో 500కు పెంచింది. 1923లో రాకనే దాదాపు పూర్తిగా నిషేధించింది, ఆ నిషేధం 1947 దాకా కొనసాగింది. ఈ కారణంగా భార్యాబిడ్డలను తెచ్చుకోలేని మగవారు ఒంటరిగా రైలు మార్గం వెంట ఊరూరా చేరి, చాకిరేవులు, హోటళ్ళు పెట్టుకుని బతికారు. ఏ ప్రెయిరీ ఊరికి వెళ్ళినా స్టేషన్ ఎదురుగా ఒక చైనీయుడి హోటల్ ఉండేది. బండి దిగినవారికి వేళ కాని వేళలో వేడి అన్నం, మాంసం దొరికేది అక్కడే.

1912లో సస్కాచెవాన్ శాసనసభ ఒక చట్టం చేసింది. చైనీయులు, జపనీయులు, ఇతర ప్రాచ్యదేశస్థులు నడిపే హోటళ్ళలో, చాకిరేవుల్లో, వినోదశాలల్లో తెల్లజాతి స్త్రీలు పనిచేయకూడదని అందులో రాశారు. ఆ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు మూస్ జాది. క్వాంగ్ వింగ్ అనే హోటల్ యజమానికి తన దగ్గర ఇద్దరు తెల్ల స్త్రీలను పనిలో పెట్టుకున్నందుకు శిక్షపడింది. ఆయన అప్పటికే కెనడాలో పౌరసత్వం పొందిన వ్యక్తి. చట్టం ముందు సమానుడినని వాదించాడు. 1914లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. పౌరసత్వం ఇచ్చిన తరువాత దాన్ని ఇలా కత్తిరించడం తగదని న్యాయమూర్తి ఇడింగ్టన్ ఒక్కరే విభేదించారు. జపాన్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో జపనీయులను ఆ చట్టం నుంచి తప్పించారు. చైనీయుల తరఫున అంత గట్టిగా అడగగల ప్రభుత్వం లేకపోయింది. తరువాత చైనీయుల పేరు తీసేసి, అనుమతి ఇచ్చే అధికారాన్ని పురపాలక సంఘాలకు వదిలి, అదే పనిని వేరే దారిలో చేయించారు. చట్టం పూర్తిగా రద్దయింది 1969లో. ఒక చిన్న ఊరి హోటల్‌లో ఎవరు పళ్ళాలు అందించాలన్న విషయాన్ని రాష్ట్రం, దేశం కలిసి ఇంత దూరం తీసుకువెళ్ళాయంటే, ఆ ఊళ్ళు ఎవరి కోసం కడుతున్నామని పాలకులు అనుకున్నారో స్పష్టమవుతుంది. ఆ భావన పాలకులకే పరిమితం కాలేదు కూడా. 1927 జూన్‌లో తెల్లజాతి ఆధిక్యాన్ని ప్రచారం చేసే కూక్లక్స్ క్లాన్ మూస్ జాలో జరిపిన సభకు వేల మంది హాజరయ్యారు.

ఈ రోజు ఆ ఊరికి వచ్చే పర్యాటకులు ఎక్కువగా చూసేది మెయిన్ స్ట్రీట్ కింద సొరంగాలు. 2000 నుంచి అక్కడ టికెట్ పెట్టి, నటీనటులతో కథలు చూపిస్తున్నారు. వాటిలో ఒకటి చైనా వలసదారుల కష్టాల కథ. మరొకటి చికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ అమెరికా మద్య నిషేధ కాలంలో సూ లైన్ ఎక్కి ఇక్కడికి వచ్చి దాక్కునేవాడన్న కథ. స్టేషన్‌కు ఒక వీధి దూరంలో ఉన్న రివర్ స్ట్రీట్ జూదానికి, దొంగసారాకు, వ్యభిచారానికి దశాబ్దాల పాటు పేరుమోసిన మాట నిజమే. జీతం చేతిలో పడ్డ రైలు కార్మికులు, పంట కోతలకు వచ్చిన కూలీలు రాత్రి గడిపే జంక్షన్‌లో అది వింత కాదు. భవనాల కింద ఆవిరి గొట్టాల కోసం, బొగ్గు దించుకోవడం కోసం తవ్విన నేలమాళిగలు, దారులు ఉన్న మాటా నిజమే. కానీ కపోన్ అక్కడికి వచ్చాడనడానికి రాతపూర్వకమైన ఆధారం ఒక్కటీ లేదు. చట్టం సాక్షిగా వెలుగులోనే జరిగిన క్వాంగ్ వింగ్ కథకు కోర్టు కాగితాలున్నాయి, ఆధారం లేని కపోన్ కథకు టికెట్ల వరుస ఉంది. ఊరు తన గతంలో దేన్ని ముందుకు తెచ్చుకోవాలో ఇంకా ఆలోచించుకోవలసే ఉంది.

1930లలో పాలిసర్ మాట నిజమైంది. గోధుమ ధర పడిపోయింది, వానలు ముఖం చాటేశాయి, దున్ని వదులుచేసిన నేల దుమ్మై లేచింది. సస్కాచెవాన్ దక్షిణ భాగం అంతటా పగలే దీపాలు పెట్టుకోవలసిన రోజులు వచ్చాయి. ట్రాములు 1932లో ఆగిపోయాయి. అదే ఏడాది ఉపాధి పనుల కింద క్రెసెంట్ పార్కులో ఈత కొలను కట్టారు, దానికి 1910లో గ్యాస్ కోసం తవ్వినప్పుడు పైకి వచ్చిన వేడి నీటిని వాడారు. 1935 జూన్‌లో నిరుద్యోగ యువకులు పనుల శిబిరాలు విడిచి, వాంకూవర్ నుంచి గూడ్సు బండ్ల మీద ఎక్కి రాజధాని ఒట్టావాకు బయలుదేరినప్పుడు మూస్ జాలో కూడా దిగి, తిండి తిని, ముందుకు సాగారు. ప్రభుత్వం వారిని రెజైనాలో ఆపింది, జూలై 1న జరిగిన ఘర్షణ రక్తపాతంగా ముగిసింది. 1931లో 21,299 ఉన్న మూస్ జా జనాభా 1941లో 20,753కు తగ్గింది. చుట్టూ ఉన్న పల్లెలు ఖాళీ అవుతున్న కాలంలో అంత తక్కువ తగ్గడానికి రైలు జీతాలే కారణం.

తరువాతి ఊపు ఆకాశం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్య దేశాల వైమానికులకు కెనడాలో శిక్షణ ఇచ్చే పథకం కింద ఊరికి దక్షిణాన విమానాశ్రయం కట్టారు. రైలుకు అనువైన చదును నేల, ఏడాదిలో చాలా రోజులు మబ్బు లేని ఆకాశం విమానాలకూ అనువయ్యాయి. యుద్ధం తరువాత మూసిన ఆ స్థావరాన్ని 1950లలో నాటో దేశాల పైలట్ల శిక్షణ కోసం మళ్ళీ తెరిచారు. 1951లో 24,355 ఉన్న జనాభా పదేళ్ళలో 33 వేలు దాటడంలో దాని పాత్ర పెద్దది. దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. 1954 ఏప్రిల్ 8న శిక్షణలో ఉన్న పైలట్ నడుపుతున్న హార్వర్డ్ విమానం, ట్రాన్స్ కెనడా ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల విమానం ఊరి మీదే ఢీకొన్నాయి. విమానాల్లోని 36 మంది, శకలాలు పడిన ఇంట్లో పనిచేస్తున్న ఒక స్త్రీ మరణించారు. పక్కనే ఉన్న బడి మీద ఆ శకలాలు పడకపోవడాన్ని ఆ ఊరివారు ఇప్పటికీ తలుచుకుంటారు. 1971లో స్నోబర్డ్స్ వైమానిక విన్యాసాల బృందం ఇదే స్థావరంలో ఏర్పడింది.

కొత్త జీతాలు వస్తున్న ఆ దశాబ్దంలోనే పాత జీతాలకు గండి పడింది. డీజిల్ ఇంజన్‌కు దారిపొడవునా నీళ్ళు అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు, ఫైర్‌మన్ అక్కర్లేదు, ప్రతి 200 కిలోమీటర్లకు విప్పి చూడవలసిన పనీ లేదు. 1960 నాటికి కెనడియన్ పసిఫిక్‌లో ఆవిరి యుగం ముగిసింది. ఏ అవసరం కోసం ఊరు పుట్టిందో ఆ అవసరమే పోయింది. చిత్రమేమిటంటే ఇంజన్ల కోసం చూసుకున్న ఆ నది మనుషులకు ఎప్పుడూ చాలలేదు. తొలి నుంచీ ఊరు నీటి ఎద్దడితోనే బతికింది, ఊటల దగ్గర నుంచి గొట్టాలు వేసుకుంది, చివరికి 1950లలో రెజైనాతో కలిసి బఫెలో పౌండ్ సరస్సు నుంచి నీళ్ళు తెచ్చుకుంది. ఆ సరస్సుకు ఇప్పుడు రాకీ పర్వతాల మంచు కరిగి వచ్చే దక్షిణ సస్కాచెవాన్ నది నీటిని మళ్ళిస్తున్నారు.

1966లో రాబిన్‌హుడ్ మిల్లు మూతపడింది. 1897 ఒప్పందం నాటి నుంచి గోధుమ రవాణాకు ఉన్న చవక రేట్లు 1983లో సడలి, దాని బదులుగా ఇచ్చిన రాయితీ 1995లో పూర్తిగా పోయింది. నష్టం వచ్చే శాఖా మార్గాలను కంపెనీలు పీకేశాయి, ఎనిమిది మైళ్ళకొకటిగా నిలబడ్డ, ధాన్యం నిల్వచేసే చెక్క ఎలివేటర్లు నేలమట్టమయ్యాయి. గుర్రం నడక కొలతతో పుట్టిన చిన్న ఊళ్ళు కారు, లారీ వచ్చాక అక్కర్లేనివయ్యాయి. మూస్ జా వాటిలా చావలేదు, కారణం దాని అంగళ్ళకు, ఆసుపత్రికి, 1960 నాటి సాంకేతిక కళాశాలకు ఆ పల్లెల జనమే రావడం. కానీ జాతీయ రహదారి మీద ముప్పావు గంటలో రెజైనా చేరుకోగలిగాక, పెద్ద కొనుగోళ్ళు, పెద్ద ఉద్యోగాలు అటే పోయాయి. 2021లో రెజైనా జనాభా 2,26,404. పల్లెల నుంచి మూస్ జాకు ఎంతమంది వచ్చి చేరుతున్నారో, దాదాపు అంతమంది పిల్లలు చదువు ముగించి మూస్ జా నుంచి వెళ్ళిపోతున్నారు. అరవై ఏళ్ళుగా కదలని ఆ జనాభా అంకె వెనుక ఉన్నది ఇదే.

1990 నుంచి ఊరు తనను చూడడానికి రమ్మని పిలుస్తోంది. పాత ఇటుక గోడల మీద చరిత్ర దృశ్యాలు చిత్రించారు. భూమికి కిలోమీటరుకు పైగా లోతు నుంచి వేడి ఖనిజ జలాన్ని మళ్ళీ పైకి తెచ్చి 1996లో స్నానశాల హోటల్ తెరిచారు. రహదారి పక్కన 1984 నుంచి నిలబడ్డ మ్యాక్ అనే పెద్ద దుప్పి విగ్రహం కంటే పెద్దది నార్వేలో వెలిసిందని తెలిసినప్పుడు, 2019లో మ్యాక్‌కు కొమ్ములు పెంచి ఎత్తును దాటించారు. ఈ పనుల్లో ఊరి పట్టుదల కనిపిస్తుంది. అయితే పర్యాటకం ఇచ్చే జీతాలు లోకో షెడ్డు ఇచ్చిన జీతాల వంటివి కావు. సంఘం, పింఛను, ఇల్లు కట్టుకునేంత ఆదాయం కలిగిన ఉద్యోగాలు ఇప్పుడు వైమానిక స్థావరంలో, 1964లో బెల్ ప్లెయిన్ దగ్గర మొదలైన, ఎరువుల్లో వాడే పొటాష్ గనిలో ఉన్నాయి. 1889 నుంచి నడిచిన ఊరి దినపత్రిక 2017 డిసెంబరులో ఆగిపోయింది.

2023లో కెనడియన్ పసిఫిక్, కాన్సాస్ సిటీ సదరన్ కంపెనీలు కలిసిపోవడంతో కెనడా, అమెరికా, మెక్సికోలను కలిపే ఒకే మార్గం ఏర్పడింది. 1893 నాటి సూ లైన్ ఆ ఉత్తర దక్షిణ రవాణాలో భాగం కాబట్టి మూస్ జా యార్డుకు పని తగ్గలేదు. పొటాష్, గోధుమ, కంటైనర్లు నింపుకున్న గూడ్సు బండ్లు ఈనాటికీ పాత స్టేషన్ వెనక ఆగుతాయి. ఒక బృందం సంచులు భుజాన వేసుకుని దిగుతుంది, ఇంకొక బృందం ఎక్కుతుంది, బండి కదులుతుంది. పిలుపు ఇప్పుడు ఫోన్‌కు వస్తుంది. 1882లో ఇంజన్ మార్చడానికి, నీళ్ళు పట్టడానికి, మనుషులను మార్చడానికి ఎంచుకున్న ఆ చోట మూడింటిలో చివరి పని ఒక్కటే మిగిలింది.